ఇంజెక్షన్ వల్లే గుండె ఆగిందా?

ప్రశ్న: మాది బంగారుపాళెం దగ్గర పల్లె. మా ఆయనకు 52 ఏళ్లు. ఏడు వారాల కిందట మామిడి తోటలో ఉండగా ఎదలో బరువు, ఒళ్లంతా చెమటలు వచ్చాయి. గ్యాస్ అనుకొని సోడా తాగి రెండు గంటలు పడుకున్నారు. తగ్గకపోతే చిత్తూరుకు తీసుకువెళ్లాము. ఈసీజీ తీసి, గడ్డ కరిగే ఇంజెక్షన్ వేసి, అంబులెన్సులో తిరుపతికి పంపారు. చంద్రగిరి దగ్గర ఉన్నట్టుండి కళ్లు తేలేశారు. అంబులెన్సులోని వాళ్లు షాక్ ఇస్తే తెలివి వచ్చింది. తిరుపతిలో స్టెంట్ వేసి, పంపింగ్ 42 శాతం ఉందన్నారు. ఇంజెక్షన్ వల్లే గుండె ఆగిందని మా బావగారి అనుమానం. గుండె లయ తప్పకుండా ఉండడానికి వేరే మందేమీ రాయలేదు. మెటోప్రొలాల్ మాత్ర వేసుకుంటే నీరసంగా ఉందని ఈయన రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. బీపీ చూసే పట్టీని చేతికి బిగించి వదులుతూ ఉంటే గుండెకు రక్షణ అని ఒక వీడియోను, దాంతోపాటు చేప నూనె గుళికలను మా అబ్బాయి పంపించాడు. ఛాతీలో మిషన్ పెట్టించాలా? కాలినడకన కొండెక్కుతానని ఈయన మొక్కుకున్నారు, ఎక్కవచ్చా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

సమాధానం: అమ్మా, ముందుగా మీ బావగారి అనుమానం గురించి చెబుతాను. అది తీరకుండా ఉండిపోతే, రేపు మీ ఇంట్లోనో మీ బంధువుల్లోనో మరొకరికి ఎదనొప్పి వచ్చినప్పుడు ఆ ఇంజెక్షన్ వద్దని ఎవరైనా అడ్డుపడవచ్చు.

మీ ఆయన గుండె కండరానికి రక్తం తీసుకువెళ్లే నాళాల్లో ఒకటి గడ్డతో పూడిపోయింది. నాళం పూడిన కొన్ని సెకన్లలోనే ఆ భాగంలోని కణాల్లో ఉన్న ప్రాణవాయువు అయిపోతుంది. నిమిషం తిరిగేలోపు ఆ భాగం ముడుచుకోవడం దాదాపు మానేస్తుంది. కండరం అప్పటికింకా చచ్చిపోలేదు. తిరిగి కోలుకోలేని నష్టం మొదలవడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది, అక్కడి నుంచి అది గుండె గోడ లోపలి పొర నుంచి వెలుపలి పొర వైపుకు గంటల తరబడి పాకుతుంది. కాని లయ తప్పడానికి అంత సేపు అక్కర్లేదు, మొదటి కొద్ది నిమిషాలే చాలు. గుండె కణం ప్రతి కొట్టుకు విద్యుత్తును పుట్టించి పక్క కణానికి అందించాలంటే, పొటాషియాన్ని లోపల, సోడియాన్ని వెలుపల నిలిపి ఉంచుకోవాలి. అది నిత్యం శక్తి ఖర్చయ్యే పని. రక్తం ఆగిపోతే ఆ శక్తి ఉండదు, పొటాషియం కణాల వెలుపలికి కారిపోతుంది, ఆమ్లం పేరుకుంటుంది, లోపల కాల్షియం పెరిగిపోతుంది. అలాంటి కణాల గుండా విద్యుత్తు చాలా నెమ్మదిగా నడుస్తుంది, కొన్నిచోట్ల అసలు నడవదు. ఆ పక్కనే ఉన్న ఆరోగ్యమైన కండరంలో మాత్రం మామూలు వేగంతోనే సాగుతుంది.

ఈ వేగాల తేడాలోనే అసలు ప్రమాదం ఉంది. మామూలుగా పై నుంచి కిందికి ఒకసారి పారి ఆరిపోవలసిన విద్యుత్ తరంగం, దారి మూసుకుపోయిన భాగాన్ని చుట్టి, ఆలస్యంగా అవతలి వైపు నుంచి తిరిగి వస్తుంది. అప్పటికి మొదట దాటి వచ్చిన కండరం మళ్లీ సిద్ధంగా ఉంటుంది కనుక, తరంగం ఆగకుండా గుడి చుట్టూ మాడ వీధుల్లో తిరిగే ఊరేగింపులాగా అదే చుట్టు తిరగడం మొదలుపెడుతుంది. ఒక చుట్టు పది చుట్లుగా చీలిపోతే గుండె కింది గదులైన జఠరికలు కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడతాయి. దీనినే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. వణికే గుండె రక్తాన్ని నెట్టలేదు, కాబట్టి మనిషికి పది పదిహేను సెకన్లలో తెలివి తప్పుతుంది. మీరు చంద్రగిరి దగ్గర చూసింది ఇదే అయి ఉండాలి, ఎందుకంటే షాక్‌తో లొంగేవి ఇలాంటి లయలే. గుండెపోటుతో ఆసుపత్రి చేరకముందే పోయేవారిలో ఎక్కువమంది పోయేది కండరం చచ్చిపోవడం వల్ల కాదు, ఇలా లయ తప్పడం వల్లనే.

ఇక ఇంజెక్షన్ విషయం. మీ బావగారి మాటలో గోరంత నిజం ఉందని ఒప్పుకోవాలి. ఆగిన రక్తం ఒక్కసారిగా తిరిగి పారినప్పుడు కూడా కొంతసేపు లయ అటూ ఇటూ అవుతుంది, ఎందుకంటే ప్రాణవాయువు హఠాత్తుగా చేరడంతో, అప్పటికే కాల్షియంతో నిండిపోయి ఉన్న కణాలు తికమకపడతాయి. ఇంజెక్షన్ వేసిన తరువాత మానిటర్ మీద నెమ్మదైన, వెడల్పాటి కొట్టులు కొన్ని నిమిషాలు కనిపిస్తే వైద్యులు కంగారుపడరు. నాళం తెరుచుకుంటున్న సూచనల్లో అదొకటి, సాధారణంగా దానికి మందు కూడా అవసరం ఉండదు. అరుదుగా ఆ సమయంలోనే ప్రమాదకరమైన వణుకు కూడా రావచ్చు. మీ ఆయనకు వచ్చినది పూడిక వల్లనా, పూడిక తెరుచుకోవడం వల్లనా అన్నది ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. కాని ఇంజెక్షన్ వేయకపోయి ఉంటే పూడిక అలాగే ఉండేది, వణుకు వచ్చే అవకాశమూ గంటల తరబడి ఉండేది, వీటికి తోడు కండరం కూడా మరింత పోయేది. ఆ ఇంజెక్షన్ తీసుకున్న మనిషిని షాక్ ఇచ్చే యంత్రం ఉన్న బండిలో పంపడం ఇందుకే. తోటలో సోడా తాగి పడుకున్న ఆ రెండు గంటల్లో ఇదే జరిగి ఉంటే షాక్ ఇచ్చేవారు పక్కన ఎవరూ ఉండేవారు కారు. బావగారికి ఈ మాట చెప్పండి.

లయ కోసం ప్రత్యేకమైన మందు ఎందుకు రాయలేదని అడిగారు. రాయకపోవడమే సరైన వైద్యం, దాని వెనుక ఒక చేదు అనుభవం ఉంది. గుండెపోటు తరువాత మధ్యమధ్య అదనపు కొట్టులు వచ్చేవారికి హఠాన్మరణం ముప్పు ఎక్కువని 1980లలోనే తెలుసు. ఆ కొట్టులను అణిచివేస్తే మరణాలు తగ్గుతాయని అందరూ అనుకున్నారు. అమెరికాలో కాస్ట్ అనే పేరుతో జరిగిన పెద్ద పరీక్షలో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే రెండు మందులను ఇచ్చి చూశారు. మందులు అదనపు కొట్టులను చక్కగా అణిచాయి. అయినా 1991లో వెలువడిన లెక్కల ప్రకారం, మందు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోగా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది మాత్రమే చనిపోయారు. ఆ మందులు విద్యుత్తు నడకను నెమ్మదింపజేసేవి. రక్తం సరిగా అందని కండరంలో అప్పటికే నెమ్మదిగా ఉన్న నడకను అవి మరింత నెమ్మదింపజేసి, నేను పైన చెప్పిన చుట్టు తిరుగుడుకు దారి తీసి ఉంటాయని తరువాత అర్థమైంది. నేను చదువుకునే రోజుల్లో గుండెపోటుతో చేరిన ప్రతివారికీ లయ తప్పకుండా ముందుజాగ్రత్తగా లిగ్నోకెయిన్ ఎక్కించేవారు. వణుకు కొంత తగ్గింది కాని మరణాలు తగ్గలేదు, అందుకే ఆ పద్ధతి కూడా పోయింది. ఈసీజీ కాగితం మీద గీత చక్కబడడం, మనిషి బతికి ఉండడం ఒకటి కాదని మా తరం వైద్యులు ఇలా నేర్చుకున్నారు.

మరి మీ ఆయనకు లయ మందు లేదా అంటే ఉంది, ఆయన రోజు విడిచి రోజు మింగుతున్నది అదే. మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లు ఒత్తిడిలో పుట్టే అడ్రినలిన్ ప్రభావాన్ని గుండె మీద తగ్గిస్తాయి. దానితో గుండె తినే ప్రాణవాయువు తగ్గుతుంది, రక్తం తక్కువగా అందే చోట్ల కూడా కణాలు నిలదొక్కుకుంటాయి, వణుకు మొదలయ్యే అవకాశం తగ్గుతుంది. గుండెపోటు తరువాత వీటిని వాడినవారిలో హఠాన్మరణాలు తగ్గాయని 1980ల ఆరంభంలోనే నార్వేలోను, అమెరికాలోను జరిగిన పరీక్షలు చూపించాయి. నాళాలను వెంటనే తెరిచే ఈ కాలంలో అందరికీ ఇవి అవసరమా అన్న చర్చ నడుస్తున్న మాట నిజమే. పంపింగ్, అంటే గుండె గదిలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకు బయటికి నెట్టే భాగం, 50 శాతం, అంతకుమించి ఉన్నవారిలో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదని 2024లో స్వీడన్, ఎస్టోనియా, న్యూజిలాండ్ దేశాలలో జరిగిన పరీక్ష తేల్చింది. మీ అబ్బాయికి ఆ వార్త ఎక్కడైనా కనిపిస్తే అది తండ్రికి వర్తించదని చెప్పండి. పంపింగ్ 42 శాతం ఉండి, ఒకసారి లయ తప్పి షాక్ తిన్న మనిషి ఆ లెక్కలోకి రారు.

నీరసం నిజమే, ఆయన కల్పించుకున్నది కాదు. చాలామందిలో కొన్ని వారాలకు అది తగ్గుతుంది. తగ్గకపోతే మోతాదును మార్చడమో, అదే జాతిలో మరొక మందుకు మారడమో వైద్యుడు చేయగలరు. రోజు విడిచి రోజు వేసుకోవడం మాత్రం అన్నింటికన్నా చెడ్డ పద్ధతి. ఈ మందు అలవాటైన గుండెకు అది హఠాత్తుగా అందకపోతే అడ్రినలిన్ ప్రభావం ముందుకన్నా ఎక్కువగా పనిచేస్తుంది, ఆ విరామంలోనే నొప్పి గాని లయ తప్పడం గాని తిరిగి రావచ్చు. ఈ వారమే మీ వైద్యుణ్ణి కలిసి, నాడి ఎంత ఉంది, బీపీ ఎంత ఉంది చూపించుకొని మోతాదు తేల్చుకోండి. అంతవరకు రాసిన మోతాదు ప్రకారం రోజూ వేసుకోవాలి. ఉబ్బసం ఉన్నా, కళ్లు తిరిగి పడిపోయేంతగా నాడి తగ్గినా ఆ సంగతి ఆలస్యం చేయకుండా చెప్పాలి.

మిషన్ విషయంలో తొందర వద్దు. ఐసీడీ అనే ఆ పరికరం లయ తప్పినప్పుడు లోపలి నుంచే షాక్ ఇస్తుంది, తగినవారికి అది ప్రాణదాతే. కాని గుండెపోటు వచ్చిన తొలి 48 గంటల్లో, రక్తం ఆగిన కారణంగానే వచ్చిన వణుకు, కారణం తీరిపోతే సాధారణంగా తీరిపోతుంది. దాని కోసమే పరికరం పెట్టరు. కారణమేదీ లేకుండా ఆ తరువాత మళ్లీ వస్తే అది వేరే లెక్క. పంపింగ్ బాగా పడిపోయి, ముఖ్యంగా 35 శాతానికి లోపల నిలిచిపోయినవారికి కూడా పరికరం పెడతారు, అదీ గుండెపోటు తరువాత కనీసం 40 రోజులు, స్టెంట్ వేసి ఉంటే మూడు నెలలు ఆగి మళ్లీ ఎకో, అంటే గుండె స్కానింగ్, తీసి చూశాకనే. రక్తం తిరిగి అందాక కూడా కొంత కండరం మొద్దుబారినట్లు కొన్ని వారాలు పడి ఉండి, మెల్లగా లేస్తుంది. అందువల్ల ఆసుపత్రిలో ఉన్నప్పుడు తీసిన 42 శాతాన్ని చివరి లెక్కగా తీసుకోకూడదు. మరో ఐదారు వారాలకు ఎకో తీయించండి. అంకె అలాగే ఉన్నా, పెరిగినా, ఇప్పటికి తెలిసిన సంగతులను బట్టి పరికరం అవసరం లేనట్లే కనిపిస్తున్నది.

అబ్బాయి పంపిన వీడియో పుక్కిటి పురాణం కాదు, అందులో కొంత శాస్త్రం ఉంది. 1986లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ముర్రీ, జెన్నింగ్స్, రైమర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ఆశ్చర్యమైన సంగతి కనిపెట్టారు. కుక్కల గుండె నాళాన్ని ఐదేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు మూసి తెరిచి, ఆ తరువాత 40 నిమిషాలు మూసి ఉంచితే, నేరుగా 40 నిమిషాలు మూసినప్పుడు పోయిన దానిలో నాలుగో వంతు కండరమే చచ్చిపోయింది. కొద్దికొద్దిగా కరువు చవిచూసిన కండరం పెద్ద కరువుకు సిద్ధపడుతుందన్నమాట. జంతువుల్లో ఇలా చేస్తే లయ తప్పడం కూడా తగ్గిందని తరువాత గమనించారు. గుండెనే కాక శరీరంలో మరోచోట రక్తాన్ని ఆపి వదిలినా గుండెకు కొంత రక్షణ వస్తుందని కూడా తేలింది, బీపీ పట్టీ ఉపాయం అక్కడి నుంచే వచ్చింది. ఇంత ముచ్చటైన ఆలోచన మనుషుల్లో నిలబడలేదు. గుండెపోటుతో వచ్చి స్టెంట్ వేయించుకుంటున్న 5,000 మందికి పైగా రోగుల మీద యూరప్‌లో చేసిన పరీక్ష 2019లో వెలువడింది. పట్టీ బిగించినవారికీ బిగించనివారికీ ఏడాది తరువాత మరణాల్లో గాని, గుండె వైఫల్యంలో గాని తేడా కనిపించలేదు. ఆసుపత్రిలో సరైన సమయానికి చేసినప్పుడే లేని లాభం ఏడు వారాల తరువాత ఇంట్లో చేస్తే వస్తుందనుకోవడానికి ఆధారం లేదు, పైగా రక్తం పలచబడే మందులు వాడుతున్న చేయి కమిలిపోతుంది. ఆ పట్టీతో బీపీ చూసుకోండి, మంచిది.

చేప నూనె కథ కూడా ఇంతే. గుండెపోటు వచ్చినవారికి రోజుకు ఒక గ్రాము ఇస్తే హఠాన్మరణాలు తగ్గాయని 1999లో ఇటలీ నుంచి వచ్చిన పెద్ద పరీక్ష చెప్పింది. తరువాతి పరీక్షల్లో ఆ లాభం తిరిగి కనిపించలేదు, మోతాదు పెరిగినకొద్దీ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే మరో రకం లయ దోషం పెరుగుతున్నట్లు కనిపించింది. లయ కోసం వేసుకునే వస్తువు మరో లయను చెడగొట్టడం ఎందుకు? మీ ఇంట్లో చేపలు తినే అలవాటు ఉంటే వేపుడు కాకుండా పులుసు పెట్టుకొని తినండి, గుళికలు పక్కన పెట్టండి.

నన్నడిగితే, లయ తప్పడం ఈ వ్యాధిలో కొమ్మ మాత్రమే, వేరు రక్తం ఆగడంలో ఉంది. ఆయనను కాపాడేది ఆ నాళం మళ్లీ మూసుకోకుండా చూడడమే. స్టెంట్ లోపల గడ్డ కట్టకుండా ఇచ్చే రెండు మందులను, అంటే ఆస్పిరిన్‌ను, దానితోపాటు రాసిన క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్‌ను, సాధారణంగా ఏడాది పాటు ఒక్క రోజు కూడా మానకూడదు. పన్ను పీకించుకోవాలన్నా, ఇంకెవరైనా ఆపమన్నా, గుండె వైద్యుణ్ణి అడగకుండా ఆపవద్దు. ఏకాదశి ఉపవాసమున్నా మాత్ర మింగడానికి గుక్కెడు నీళ్లు తప్పు కాదు. బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే ఏ మందు చేసే మేలునైనా అది తినేస్తుంది. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు గుండెపోటు వచ్చినవారికి పనికిరావు. మరొకటి, చాలామంది పట్టించుకోనిది: రక్తంలో పొటాషియం. మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతున్నా, విరేచనాలు పట్టుకున్నా అది పడిపోతుంది, పడిపోతే లయ తప్పే అవకాశం పెరుగుతుంది. దానికని రోజూ నాలుగు కొబ్బరి బోండాలు తాగించవద్దు, ఎందుకంటే బీపీకి, గుండెకు ఇచ్చే రామిప్రిల్ వంటి మందులు వాడేవారిలో, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో అది పెరిగిపోయి అంతే ప్రమాదం తెస్తుంది. మళ్లీ వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు పొటాషియం, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి.

మళ్లీ ఎదలో బరువు వస్తే ఈసారి సోడా వద్దు. ఉన్నచోటే కూర్చోబెట్టి, నాలుక కింద పెట్టుకోమని రాసిచ్చిన మాత్ర ఉంటే ఒకటి పెట్టండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. మోటారు సైకిల్ మీద వెనుక కూర్చోబెట్టుకొని తీసుకువెళ్లకూడదు, దారిలో తెలివి తప్పితే అక్కడ చేయగలిగింది ఏమీ ఉండదు. మీ ఇంటికి దగ్గరలోని ఏ ఆసుపత్రిలో ఈసీజీ తీసి గడ్డ కరిగే ఇంజెక్షన్ వేయగలరో ఇప్పుడే కనుక్కొని ఫోన్ నంబరు గోడ మీద రాసి పెట్టండి. మనిషి పడిపోయి, పిలిస్తే పలకక, శ్వాస లేకపోయినా, ఎగశ్వాసలా అప్పుడప్పుడు మాత్రమే వస్తున్నా, 108 వచ్చేవరకు ఎదురుచూస్తూ నిలబడవద్దు. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడిమి ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించి, రెండో చేయి దాని మీద వేసి, ఐదారు సెంటీమీటర్లు లోపలికి దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఇలాంటప్పుడు షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది, ఛాతీ నొక్కుతూ ఉంటే ఆ తగ్గుదల నెమ్మదిస్తుంది. ఈ పని మీరూ, మీ బావగారూ ఇద్దరూ నేర్చుకోండి.

చివరగా మొక్కు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్ల నడక. గాలి గోపురం వరకు నిలువు ఎక్కుడు, తరువాత కొంత చదును, మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గర అసలు పరీక్ష. శ్రీవారి మెట్టు దూరం తక్కువ గనుక తేలిక అనుకుంటారు, కాని ఆ తక్కువ దూరంలోనే అంత ఎత్తూ ఎక్కాలి. గుండె జబ్బు ఉన్నవారు కాలినడకన రావద్దని దేవస్థానం వారే చెబుతున్నారు. ఇప్పుడు మాత్రం ఎంతమాత్రం వద్దు. ఇంటి దగ్గర చదునైన దారిలో రోజూ ఉదయం నడక మొదలుపెట్టి, ఆయాసం రాకుండా మాట్లాడగలిగే వేగంతో అరగంట వరకు పెంచండి. మూడు నెలల ఎకో తరువాత, వైద్యుడు సరేనంటే, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోవచ్చు. అందులో నొప్పి గాని, ఈసీజీలో మార్పు గాని, లయ తప్పడం గాని లేకపోతే అప్పుడు మెట్ల మాట ఆ వైద్యుడితోనే మాట్లాడండి. తలనీలాలు ఇవ్వాలని ఉంటే ఈలోగా బస్సులో వెళ్లి ఇచ్చి రావచ్చు. దర్శనానికి క్యూలో ఎన్ని గంటలు పడుతుందో ఎవరూ చెప్పలేరు కనుక ఆ రోజు మాత్రలు, ఆసుపత్రి కాగితాలు గదిలోని సంచిలో పెట్టకుండా ఆయన చొక్కా జేబులోనే ఉంచండి.